మదాం ద కుర్మెల్ చేతులు

ఆ రోజుల్లో పారిస్‌లో డబ్బున్న ఆడవాళ్ళకి ఎడమ చేతి చిటికెన వేలు కాస్త బయటికి వంగి ఉండేది. పుట్టుకతో కాదు, పట్టుదలతో. కాఫీ కప్పు పట్టుకున్నా, విసనకర్ర పట్టుకున్నా, చర్చిలో జపమాల తిప్పుతున్నా, ఆ వేలొక్కటీ మిగతా నాలుగింటితో మాటలు లేనట్టు పక్కకి జరిగి కూర్చునేది. తల్లులు కూతుళ్ళకి నేర్పారు. బళ్ళో సన్యాసినులు వద్దని బెత్తంతో కొట్టినా ఆ వేలు దగ్గరికి రాలేదు. ఫ్యాషన్ అనేది జలుబు లాంటిది, ఎవరి ముక్కు నించి మొదలైందో ఎవరూ అడగరు.

ఇది మాత్రం చిత్రకారుడు మస్యూ ఒబ్రియో వేసిన మదాం ద కుర్మెల్ పటం నించి మొదలైందని అందరికీ తెలుసు. మరి మదాం ద కుర్మెల్‌కి ఆ వేలు ఎక్కడిది? ఆమెది కాదు. ఆమె వేళ్ళు పదీ తిన్నగానే ఉండేవి, పొట్టిగా, బొద్దుగా, ఎవరి వేళ్ళైనా ఉండేటట్టే. ఆ వంకర వేలు ఫిలొమేన్ తాకె అనే మనిషిది. గ్లవ్స్ కుట్టేవాళ్ళ ఇంట్లో పుట్టింది. ఏడేళ్ళప్పుడు తోలు సాగదీసే బల్ల కింద పడి చిటికెన వేలు నలిగింది. అది సరిగ్గా అతుక్కోలేదు. తక్కిన చెయ్యి మాత్రం చూసినవాళ్ళు మళ్ళీ చూసేటట్టు ఉండేది. మేకపిల్ల తోలు మెత్తదనం తెలిసిన ఇంట్లో వాళ్ళమ్మ రాత్రుళ్ళు కూతురి చేతులకి బాదం నూనె రాసి గ్లవ్స్ తొడిగి పడుకోబెట్టేది. "మొహం దేవుడిచ్చింది, ఏం చెయ్యలేం. చేతులు మనం చేసుకోవచ్చు" అనేది.

పెద్దింటి ఆడవాళ్ళ పటాలు ఎలా తయారవుతాయో బయటివాళ్ళకి తెలియదు. పటంలో మనిషి దొరసాని. కానీ ఆవిడ వచ్చి కూర్చునేది మూడు పూటలు, నాలుగైతే మహా ఎక్కువ. ఆ మూడు పూటల్లో మొహం అయిపోవాలి. తరవాత ఆవిడ గౌను, నగలు పెట్టెలో పనిమనిషితో వస్తాయి. అద్దెకి కుదిరిన ఆడమనిషి అవి వేసుకుని కూర్చుంటుంది. భుజాలు ఒకరివి, మెడ ఒకరిది, చేతులు ఇంకొకరివి. సీసా మెడలాగా జారే భుజాలు, ఎండ తగలని మెడ, కుండ ఎత్తని, సూది పట్టని, పిల్లవాణ్ణి చెంపదెబ్బ కొట్టని చేతులు - పారిస్ వాళ్ళకి ఆడతనం అంటే అది. అలాంటి ఆడది భూమ్మీద ఎక్కడా లేదు కాబట్టి నలుగురు కూలి మనుషుల్ని అతికించి తయారుచేసేవారు. ఎందుకు దాస్తారని అడిగితే నవ్వుతారు. కూరలో ఉప్పు ఎవరు దంచారని వడ్డనలో చెప్తామా?

ఫిలొమేన్ మూడేళ్ళు మస్యూ ఒబ్రియో దగ్గర చేతులుగా పనిచేసింది. బ్రెదా వీధిలో ఆయన స్టూడియో. గుమ్మంలో ఆమె అడుగు వినపడగానే లోపల్నించి ఒకటే కేక: "చేతులొచ్చాయా?"

"వచ్చాయి మస్యూ" అనేది ఫిలొమేన్.

"అయితే కూర్చోబెట్టు."

పేరు ఎన్నడూ అడగలేదు. మొహం వైపు చూడలేదు, చూస్తే తను వేస్తున్న దొరసాని మొహం మనసులోంచి చెదిరిపోతుందట. ఆమె రాని రోజుల్లో పనికొస్తుందని ఒకసారి ఆ ఎడమ చేతిని సున్నపు అచ్చులో పోసి పెట్టుకున్నాడు. తడి సున్నం బిగుసుకునే గంటసేపూ ఫిలొమేన్ కదలకుండా కూర్చుంది. "జీతం కూడా సున్నానికే ఇస్తారా మస్యూ?" అంది. ఆయన నవ్వలేదు. ఆ అచ్చు అరలో నీలం పట్టుగుడ్డ మీద ఉండేది.

మదాం ద కుర్మెల్ పటం పద్దెనిమిది వందల అరవైలో వేశారు. నల్ల మఖ్మలు గౌను, మణికట్టుకి పాము కడియం: బంగారు పాము, తోకని నోట కరుచుకుని, వీపు మీద ఏడు ఎర్రరాళ్ళు. అది మదాంకి పుట్టింటివారిచ్చిన నగ. చివరి పూట పని అయ్యాక ఫిలొమేన్ కడియం తీసి పెట్టెలో పెట్టింది. మస్యూ ఒబ్రియో స్వయంగా మూత వేసి గొళ్ళెం పెట్టాడు. పనిమనిషి పెట్టె తీసుకెళ్ళింది. మర్నాడు పోలీసులు వచ్చారు. కడియం లేదు.

న్యాయాధికారి గదిలో అడిగారు: "ఈ పిల్ల కడియం తిరిగి పెట్టడం మీరు చూశారా మస్యూ?"

మస్యూ ఒబ్రియో తన టోపీ అంచు చూసుకున్నాడు. పనిమనిషి ఆ ఇంట్లో పదేళ్ళ నించీ ఉంది, ఆమెని అనుమానిస్తే యజమానురాలికి కోపం. యజమానురాలికి కోపం వస్తే సాలోన్‌లో, ఊరంతా చూసే ఆ పెద్ద ప్రదర్శనలో, పటం పెట్టడానికి ఒప్పుకోదు.

"నేను రంగుల వైపు చూస్తున్నాను. గమనించలేదు" అని, రాసిన కాగితం కింద సంతకం పెట్టాడు.

పదమూడు నెలలు. ఆడవాళ్ళ జైల్లో బట్టలుతికే చోట వేశారు. వేడి బూడిద నీళ్ళు, సున్నం కలిపిన సోడా. రెండో నెలకి వేలి కణుపులు పగిలాయి. ఆరో నెలకి గోళ్ళు పసుపెక్కి లేచాయి. బయటికొచ్చేసరికి చేతులు ఉడికించిన ఎండ్రకాయల్లా ఉన్నాయి. జైలు ఆమెకి చేసిన మంచి ఒక్కటే, సన్యాసినులు రాయడం నేర్పారు.

విడుదలైన వారానికి బ్రెదా వీధికి వెళ్ళింది. మస్యూ ఒబ్రియోయే తలుపు తీశాడు. అలవాటుగా చేతుల వైపు చూశాడు.

"బట్టలుతికేవాళ్ళు వెనక గుమ్మం నించి రావాలి" అని తలుపు వేసేశాడు.

మెట్ల మీద నిలబడి ఫిలొమేన్ కాసేపు ఆలోచించింది. ఈయన నన్ను అవమానించలేదు, అనుకుంది. ఈయన నన్ను గుర్తుపట్టనే లేదు. గుర్తుపట్టడానికి ఈయన దగ్గరున్నది చేతులొక్కటే. అవి పోయాయి. ఆ మాట మనసులో పెట్టుకుని దిగింది. అప్పటికి అది పగ కాదు, పగకి విత్తనం.

మొలకెత్తింది మరుసటి ఏడాది. చట్రాలు కట్టే దుకాణం అద్దంలో ఒక చిన్న పటం పెట్టారు. మదాం ద కుర్మెల్ మళ్ళీ. ఈసారి బూడిదరంగు గౌను, ఒళ్ళో తెల్లకుక్క. కుక్క వీపు మీద ఎడమ చెయ్యి, వంకర చిటికెన వేలు. మణికట్టుకి పాము. వీపు మీద ఏడు ఎర్రరాళ్ళు. మూలన సంతకం, పక్కన సంవత్సరం: అరవై రెండు.

ఫిలొమేన్ అద్దానికి నుదురు ఆనించి నిలబడిపోయింది. కడియం దొరికింది. దొరికి, ఆమె మణికట్టుకే తొడిగారు, సున్నపు మణికట్టుకి. తను బూడిద నీళ్ళలో చేతులు పోగొట్టుకుని వస్తే తన చెయ్యి ఇక్కడ కుక్కని నిమురుతూ కూర్చుంది.

"ఎవరికయ్యా ఈ బొమ్మ?" అని దుకాణం వాణ్ణి అడిగింది.

"రూఆఁలో ఆవిడ తల్లికి. తను పెట్టిన కడియంతోనే కూతుర్ని చూడాలని ముసలావిడ కోరిక. అల్లుడికీ ఆవిడకీ పదేళ్ళుగా మాటల్లేవులే, ఆయన ఆ గడప తొక్కడు. నువ్వు పక్కకి జరుగు, అద్దం మీద ఆవిరి పడుతోంది."

పాము పగబట్టిందంటే పన్నెండేళ్ళు వదలదని పెద్దలంటారు. ఫిలొమేన్‌కి అన్నేళ్ళు అక్కర్లేకపోయింది. ఆమెకి కావలసింది కత్తి కాదు, నిప్పు కాదు. అరవైలో వేసిన పటం, అరవై రెండులో వేసిన పటం ఒకే గదిలో, ఒకే గోడ మీద, మస్యూ ద కుర్మెల్ కళ్ళ ముందు. అంతే. ఒకటి పారిస్‌లో మొగుడి హాల్లో, ఒకటి రూఆఁలో అత్త పడకగదిలో. ఆ రెంటికీ నడుమ ఉన్న దారి ఒక్కటే: బ్రెదా వీధి.

వెనక గుమ్మం నించి వెళ్ళింది. గది ఊడవడానికి, కుంచెలు కడగడానికి, సూప్ కాయడానికి మనిషి కావాలా అని అడిగింది. మస్యూ ఒబ్రియో ఆమె చేతులు చూసి తృప్తిగా తలూపాడు. "పని చేసిన చేతులు" అన్నాడు. ఆ ఇంటి కావలి ముసలావిడ మదాం బిగో మాత్రం మొహాలు చూసే మనిషి. మొదటి రోజే పట్టేసింది.

"ఏమే, నువ్వా! ఈ కొంపలోకా మళ్ళీ వచ్చావు? నీకు రోషం లేదుటే?"

"ఉంది కాబట్టే వచ్చాను మదాం బిగో."

"సూప్‌లో ఏమైనా కలుపుతావా? ముందే చెప్పు, నేనూ అదే తింటాను."

"ఉల్లిపాయలు కలుపుతాను. మీరు నోరు మూసుకుంటే మీ గిన్నెలో జున్ను కూడా."

అయిదేళ్ళు ఊడ్చింది. నీలం గుడ్డ మీద తన చేతిని తనే వారానికోసారి దుమ్ము దులిపింది. బ్యాంకరు పెళ్ళానికి ఆ చెయ్యి, జనరల్ కూతురికి ఆ చెయ్యి, ఒపేరా పక్క వీధిలో ఒక ముండకి కూడా ఆ చెయ్యే. మస్యూ ఒబ్రియోకి చేతులు వెయ్యడం రాదని ఫిలొమేన్‌కి నెమ్మదిగా తెలిసింది. మొహాలు వేస్తాడు, పట్టు మెరుపు వేస్తాడు. చెయ్యి దగ్గరికి వచ్చేసరికి అర తలుపు తీస్తాడు. కడియం సంగతి ఆయనకి గుర్తుందా అని ఒక రోజు పరీక్షించింది.

"మస్యూ, ఆ పాత బొమ్మలో ఎర్రరాళ్ళు ఎంత బాగున్నాయో!"

"అవునా? నలుపు మీద ఎరుపు చుక్క. అది లేకపోతే ఆ బొమ్మ చచ్చిపోయేది" అన్నాడు పైపు నములుతూ.

అంతే. ఒక మనిషి పదమూడు నెలల బతుకు ఆయనకి ఎరుపు చుక్క. దుర్మార్గుడైతే గుర్తుపెట్టుకుని భయపడేవాడు. ఈయన కన్ను ఎంత గొప్పదంటే రంగు తప్ప ఇంకేదీ అందులో నిలవదు. ఫిలొమేన్ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది, ఎందుకంటే ఉరితాడు ఆయన చేతులతో ఆయనే పేనుకుంటాడని తెలిసిపోయింది.

అరవై ఏడులో ప్రపంచ ప్రదర్శన వచ్చింది. ఊరంతా పరదేశీయులు, హోటళ్ళలో జాగా లేదు, గుర్రబ్బండివాళ్ళ నోటికి అదుపు లేదు. ఆ వసంతంలో చిత్రకారులు కొందరు తమ పటాలన్నీ ఒక్కచోట పెట్టి సొంతంగా ప్రదర్శనలు చేశారు. మస్యూ ఒబ్రియో పేపరు చదువుతూ అసూయతో దగ్గాడు.

"మీకేం తక్కువ మస్యూ?" అంది ఫిలొమేన్ బొగ్గు కుంపటి ఎగదోస్తూ. "మీ దొరసానులందర్నీ ఒక గదిలో నిలబెడితే చక్రవర్తి భార్య కూడా దిగి చూసిపోతుంది."

"అందర్నీనా?"

"పదిమంది తక్కువ లేరుగా."

ఆయన గడ్డం గోక్కున్నాడు. ఆ పది పటాలూ ఎన్నడూ ఒక గోడ చూడలేదు. విడివిడిగా ఒక్కో ఇంట్లో ఉన్నాయి కాబట్టే ఇన్నాళ్ళూ బతికాయి. ఆ ఆలోచన ఆయనకి రాలేదు. మొహాలు వేరు కదా, గౌన్లు వేరు కదా. వారం తిరక్కుండా మేడ మీద హాలు అద్దెకి తీసుకున్నాడు. పటాలు అరువిమ్మని ఉత్తరాలు చెప్పి రాయించాడు. ఫిలొమేన్ రాసింది. పదో ఉత్తరం అయ్యాక కలం ఆపి అంది:

"రూఆఁలో ఒకటుందటగా మస్యూ? కుక్కతో ఉన్నది. మదాం బిగో చెప్పింది."

"ఆ! కుక్క! ఆ కుక్క బొచ్చు బాగా కుదిరింది. రాయి, రాయి."

రాసింది. ఇంకు ఆరేదాకా ఊది మడిచింది.

పటాలు తగిలించే రోజు వడ్రంగి రూఆఁ పటాన్ని దూరంగా తలుపు పక్కన పెట్టాడు. ఫిలొమేన్ చీపురు పట్టుకుని చూసింది. నోరెత్తకూడదు. మస్యూ ఒబ్రియో గది మధ్య నిలబడి కళ్ళు సగం మూసి, తల వంచి, తల ఎత్తి, చివరికి అన్నాడు:

"అక్కడ కాదయ్యా. దాన్ని తెచ్చి నల్ల గౌను పక్కన పెట్టు. రెండు ఎరుపు చుక్కలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి."

"మాట్లాడుకుంటాయి మస్యూ" అంది ఫిలొమేన్.

ప్రారంభం రోజు మధ్యాహ్నం రెండింటికి హాలు నిండింది. వాన పడుతోంది. ఫిలొమేన్ గుమ్మం దగ్గర గొడుగులు అందుకుంటోంది. మదాం ద కుర్మెల్ మొగుడి చెయ్యి పట్టుకుని వచ్చింది, తెల్ల గ్లవ్స్, గ్లవ్ మీద ముత్యాల కడియం. తల్లి దగ్గరున్న పటం కూడా వచ్చిందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. మస్యూ ద కుర్మెల్ అరవయ్యేళ్ళవాడు, పొట్టి, నిజాయితీ గల మనిషి. ఫిర్యాదు కాగితం మీద సంతకం ఆయనదే.

మొదట నవ్వింది ఒక కుర్ర పత్రికావాడు. వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు... అయ్యో, పదిమంది దొరసానులకి కలిపి ఒక్కటే చెయ్యా? పాపం, వంతులవారీగా వాడుకుంటారు కాబోలు!"

నవ్వు గదిలో నిప్పంటుకున్నట్టు పాకింది. బ్యాంకరు భార్య పటంలో తన చెయ్యి చూసుకుని, పక్క పటంలో జనరల్ కూతురి చెయ్యి చూసి, ఇంకో పటంలో ఒపేరా పక్క వీధి పిల్ల కూడా అదే చెయ్యి ఊపుతుండడం చూసి కుర్చీలో కూలబడింది. ఎవరో ఆడగొంతు: "గ్లవ్స్ తియ్యమనండి, చూద్దాం!" వంగిన చిటికెన వేళ్ళన్నీ ఒక్కసారి గుప్పిళ్ళలోకి ముడుచుకున్నాయి.

మస్యూ ద కుర్మెల్ నవ్వలేదు. ఆయన రెండు పటాల మధ్య నిలబడి కళ్ళజోడు తుడుచుకుని సంతకాల పక్కన అంకెలు చదివాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు.

"ఏమే," అన్నాడు భార్యతో, మెల్లగా. "నీ పాము కడియం అరవైలో పోయింది కదూ?"

మదాం గ్లవ్ మీది ముత్యాల కడియం తిప్పుకుంది.

"ఇది అరవై రెండు. మస్యూ ఒబ్రియో, ఇది మీరు ఊహించి వేశారా?"

మస్యూ ఒబ్రియో నోరు తెరిచాడు. అబద్ధం చెప్పొచ్చు. కానీ ఆయన గర్వం అడ్డొచ్చింది. "ఊహించి వెయ్యను, ఎప్పుడూ. రాయిలో వెలుతురు చూడండి. ఎదురుగా పెట్టుకుని వేశాను" అన్నాడు.

"ఆ పెట్టెలోనే మఫ్‌లోకి, చలికి చేతులు దూర్చుకునే బొచ్చు గొట్టంలోకి జారిపోయిందండీ," అంది మదాం గబగబా. "మూడు వారాలకి దొరికింది. అప్పటికి మీరు ముత్యాలవి కొనేశారు. ఆ పిల్లని లోపల వేసేశారు. మళ్ళీ ఆఫీసులు, కాగితాలు, నలుగురి నోళ్ళలో..."

"ఆ పిల్ల," అన్నాడు మస్యూ ద కుర్మెల్. "పేరేమిటి?"

మదాం మస్యూ ఒబ్రియో వైపు చూసింది. మస్యూ ఒబ్రియో నేల వైపు చూశాడు.

"చేతులు అని పిలిచేవాణ్ణి" అన్నాడు.

గొడుగుల దగ్గర ఫిలొమేన్ కదిలింది. జనం దారిచ్చారు, ఆమె తోసుకుని వచ్చిందో, వాళ్ళే తప్పుకున్నారో. మస్యూ ద కుర్మెల్ గొడుగు ఆయనకి అందించింది. గ్లవ్స్ లేవు. ఎర్రటి కణుపులు, లేచిన గోళ్ళు, ఎడమ చేతికి వంకర చిటికెన వేలు.

"ఇవేనండి," అంది.

పేరు చెప్పలేదు. మస్యూ ద కుర్మెల్ గొడుగు అందుకోలేక అందుకుని, భార్య మణికట్టు నించి ముత్యాల కడియం విప్పి జేబులో వేసుకుని, ఒక్కడే మెట్లు దిగాడు. ఆవిడ ఆ సాయంత్రమే రూఆఁ రైలెక్కింది. వారం తిరక్కుండా బొమ్మల పత్రికలో పదిమంది దొరసానులు ఒక చేతి కోసం వరసలో నిలబడ్డ బొమ్మ వచ్చింది. పటాల యజమానులు బండ్లు పంపి పటాలు తెప్పించుకుని అటకెక్కించారు. వచ్చిన శీతాకాలానికి పారిస్‌లో ఒక్క చిటికెన వేలు కూడా వంగలేదు.

ఫిలొమేన్ ఆ సాయంత్రమే పని మానేసింది. పోతూ పోతూ నీలం పట్టుగుడ్డ మీది సున్నపు చెయ్యి పట్టుకుపోయింది. మదాం బిగో చూసి కూడా చూడలేదు. "నీదేగా, తీసుకుపో. మోయడానికి మిగతా రెండూ ఉన్నాయిగా" అంది.

మరుసటి ఏడాది చైత్రంలాంటి ఎండ కాస్తున్న ఒక ఏప్రిల్ రోజున మస్యూ ఒబ్రియో ఆమె కొట్టుకి వచ్చాడు. బతిన్యోల్‌లో గ్లవ్స్ బాగుచేసే చిన్న కొట్టు. సున్నపు చెయ్యి బల్ల మీద ఉంది, దానికి ఒక బూడిదరంగు గ్లవ్ తొడిగి ఆరేసింది. ఆయన గడ్డం తెల్లబడింది, కోటు మోచేతులు మెరుస్తున్నాయి.

"లీల్ నగరం మేయరు గారి భార్య పటం ఒప్పుకున్నాను," అన్నాడు. "మొహం అయిపోయింది. కానీ..." బల్ల వైపు చూశాడు. "నాకు వెయ్యడం రావడం లేదు. ఎంత వేసినా ముల్లంగి దుంపల్లా వస్తున్నాయి. ఇదొక్కటే ఇవ్వు. ఎంతైనా ఇస్తాను."

ఫిలొమేన్ గ్లవ్ తీసి పక్కన పెట్టింది. చెయ్యి తెల్లగా, ఇరవయ్యేళ్ళ వయసుతో బల్ల మీద పడుకుని ఉంది. ఆయన కళ్ళు దాని మీదే. ఆమె తోలు కొట్టే చెక్కసుత్తి అందుకుంది.

"వద్దు! అమ్మా, వద్దు!" అన్నాడు.

బొటనవేలు మొదట. తరవాత చూపుడువేలు. తొందరపడలేదు, ఒక్కో వేలికి ఒక్కో దెబ్బ. అరచెయ్యికి మూడు పట్టాయి. పొడి ఆయన కోటు మీద, గడ్డం మీద పడింది. చివరికి చిటికెన వేలొక్కటే మిగిలింది. దాన్ని ఏరి ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇది ఉంచుకోండి. ఎరుపు చుక్క పెట్టుకోవడానికి పనికొస్తుంది."

ఆయన ఆ తెల్లటి వంకర ముక్కని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. తరవాత తల ఎత్తాడు. పదేళ్ళ పరిచయంలో మొదటిసారి ఆమె మొహం చూశాడు. దవడ, నుదురు, కళ్ళ కింద నీడ, చిత్రకారుడు చూసినట్టే చూశాడు, ఇంత మంచి మొహం ఎలా పోగొట్టుకున్నానా అన్నట్టు.

"నీ పేరేమిటి?" అన్నాడు.

ఫిలొమేన్ చీపురు తీసి సున్నపు పొడి ఊడవడం మొదలుపెట్టింది.

"కోర్టు కాగితాల్లో ఉంది మస్యూ," అంది. "వెళ్ళి చూసుకోండి. మీ సంతకానికి పైనే."